కారు కప్పే సగం యాంటెన్నా: వాహనాల్లో రేడియో సెట్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో ఫోన్లు మూగబోయిన సంగతి మరిచిపోలేక, ఆలస్యంగానైనా పరీక్ష రాసి హామ్ రేడియో (సరదాకు నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు తెచ్చుకున్నాను. ఇప్పుడు కారులో 2 మీటర్ల బ్యాండు సెట్టు పెట్టుకోవాలని ఉంది. చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్టు నా దగ్గర ఉంది. 50 వాట్ల మొబైల్ సెట్టు కొంటే పది రెట్లు దూరం వినిపిస్తుందని దుకాణంలో చెప్పారు. నిజమేనా? యాంటెన్నా ఎక్కడ బిగించాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: శక్తి పది రెట్లు పెరిగే మాట నిజమే కానీ, దూరం పది రెట్లు పెరగదు. 5 వాట్ల నుంచి 50 వాట్లకు వెళ్లడమంటే, సంకేత బలాన్ని కొలిచే లెక్కలో 10 డెసిబెల్ల పెరుగుదల. అవతలి వారి సెట్టులో సంకేత బలం చూపే ఎస్-మీటరులో ఒక్కొక్క గీతకు 6 డెసిబెల్లని లెక్కిస్తే, మీరు ఖర్చు పెట్టిన డబ్బుకు రెండు గీతలైనా పూర్తిగా పెరగవు. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ బ్యాండులో తరంగాలు ఇంచుమించు చూపు మేర సూటిగానే ప్రయాణిస్తాయి గనుక, మధ్యలో కైలాసగిరి అడ్డం వస్తే వాట్లు పెంచినంత మాత్రాన కొండ కరగదు. యాంటెన్నా ఎత్తుగా, అడ్డం లేకుండా ఉండటమే ఇక్కడ అసలు బలం.

అందుచేత సెట్టు కొనే ముందు ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మీ చేతి సెట్టు పొట్టి రబ్బరు యాంటెన్నాతో కారు లోపల కూర్చుంటే, చుట్టూ ఉన్న ఇనుప రేకు దాని సంకేతాన్ని చాలావరకు లోపలే బంధిస్తుంది. అదే సెట్టును కప్పు మీది యాంటెన్నాకు తగిలిస్తే, ఒక్క వాటు కూడా పెంచకుండానే ఇంతవరకు గరగరలాడిన రిపీటరు (సంకేతాన్ని అందుకుని మళ్లీ బలంగా పంపే కేంద్రం) స్పష్టంగా పలుకుతుంది. ఆ మార్పు విన్న తరువాత కూడా 50 వాట్ల సెట్టు కావాలనిపిస్తే, మీ లైసెన్సు ఎంత శక్తిని అనుమతిస్తుందో చూసుకుని నిస్సంకోచంగా కొనండి. దాని గట్టి స్పీకరు, బలిష్ఠమైన రిసీవరు రోడ్డు మీద పనికివచ్చేవే.

ఇక యాంటెన్నా సంగతి. 145 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 2.07 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే కాస్త తగ్గించి దాదాపు 50 సెంటీమీటర్ల కడ్డీ, అన్నిటికన్నా సులువైన మొబైల్ యాంటెన్నా. అయితే ఈ కడ్డీ సగం యాంటెన్నా మాత్రమే. మిగిలిన సగం దాని కింద ఉన్న కారు రేకే. కడ్డీకి నలువైపులా అర మీటరు చొప్పున లోహం ఉంటే అన్ని దిక్కులకూ సమానంగా పనిచేస్తుంది గనుక, కప్పు నడిబొడ్డును మించిన చోటు లేదు. డిక్కీ అంచునో బానెట్ అంచునో బిగిస్తే పనిచేయదని కాదు గానీ, సంకేతం కారు రేకు ఎక్కువగా ఉన్న వైపుకు మొగ్గుతుంది. వెనుక ఎడమ మూలన బిగించిన యాంటెన్నా ముందు కుడి వైపు గట్టిగానూ, వెనుక వైపు మందంగానూ వినిపిస్తుంది. బంపరు మీద పెడితే కారు శరీరమే సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. కప్పంతా సన్‌రూఫ్ అద్దమే అయితే నడిబొడ్డు అనే మాటకు అర్థం లేదు. అప్పుడు కప్పు వెనుక భాగంలో మిగిలిన రేకును వాడుకోవాలి, లేదా కింద లోహం అవసరం లేని అర్ధ తరంగ యాంటెన్నా తీసుకోవాలి. ఫైబర్ టాపు ఉన్న జీపులకూ ఇదే మార్గం.

ఎనిమిదింట ఐదు తరంగపు పొడుగు యాంటెన్నాలకు లాభం ఎక్కువని మీకు తప్పకుండా చెబుతారు. చదునైన హైవే మీద అది నిజమే. కానీ అది సుమారు 1.3 మీటర్ల కడ్డీ, వేగం పెరిగితే వెనక్కి వంగుతుంది, మీ కారు ఎత్తు మీటరున్నర అనుకుంటే మొత్తం 2.8 మీటర్లవుతుంది. నేను ఇలాంటి దానితోనే ఒక వాణిజ్య సముదాయపు సెల్లారులోకి దిగి, పైన వెళుతున్న నీటి గొట్టానికి తగిలించి, ఒక ఉదయమంతా కాపలాదారుకు సంజాయిషీ చెప్పుకున్నాను. ఊళ్లో తిరిగే కారుకు అర మీటరు కడ్డీ చాలు.

అయస్కాంతపు అడుగు ఉన్న యాంటెన్నా సౌకర్యమే, రంగు పొర మీద నుంచి కూడా మన బ్యాండు ఉన్న వీహెచ్‌ఎఫ్‌లో చక్కగానే పనిచేస్తుంది. పెట్టే ముందు కప్పునూ అయస్కాంతాన్నీ రెంటినీ తుడవండి, ఎందుకంటే రెండింటి మధ్య చిక్కిన ఇసుక రేణువే గీతలకు కారణం. అల్యూమినియం శరీరానికి అది అంటుకోదన్నది కొనక ముందే గుర్తుంచుకోవలసిన విషయం. పదేళ్లు నడపాలనుకున్న కారైతే కప్పుకు రంధ్రం వేయించడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. అది వినగానే ఎవరికైనా గుండె జారుతుందని తెలుసు గనుక బలవంతపెట్టను.

ప్రశ్న: సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు ఇచ్చాను. వింటున్నంత సేపూ బాగానే ఉంటుంది, మాట్లాడటానికి బటను నొక్కగానే సెట్టు ఆరిపోయి మళ్లీ వెలుగుతోంది. సెట్టు పాడైందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సెట్టులో లోపం లేకపోవచ్చు, తీగలో ఉన్నట్టుంది. 50 వాట్ల సెట్టు వినేటప్పుడు ఒక ఆంపియరు లోపే తీసుకుంటుంది, పంపేటప్పుడు మాత్రం పది నుంచి పదమూడు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ సాకెట్టూ, దాని వెనుక ఉన్న సన్నని తీగా అంత భారానికి చేసినవి కావు. లెక్క చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 12 మిల్లీఓమ్‌ల నిరోధం. బ్యాటరీ నుంచి సెట్టుకు నాలుగు మీటర్లు, తిరుగు ప్రయాణం నాలుగు, వెరసి ఎనిమిది మీటర్లలో 12 ఆంపియర్లు పారితే ఒక వోల్టుకు పైగా దారిలోనే ఆవిరవుతుంది. ఇంజను ఆపి ఉన్న బ్యాటరీ ఇచ్చేదే 12 వోల్టుల చిల్లర. అదీ తగ్గిపోతే సెట్టు కళ్లు మూయక ఏం చేస్తుంది? 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే ఆ నష్టం అర వోల్టు లోపే.

కాబట్టి సరాసరి బ్యాటరీ నుంచి తీగ లాగండి. ధన తీగ బ్యాటరీని వదిలిన కొద్ది అంగుళాల్లోనే ఫ్యూజు ఉండాలి. అది కాపాడేది సెట్టును కాదు, తీగను. డాష్‌బోర్డు దగ్గర పెట్టిన ఫ్యూజు, ఇంజను గదిలో ఒరుసుకుని షార్టయిన తీగలో కరెంటును ఆపదు. ఇంజను గోడ దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రపు అంచుకు తొడిగే రింగు) వేయకుండా తీగను రేకు అంచు మీద నుంచి లాగే మెకానిక్కును వెంటనే ఆపండి.

రుణ తీగకు కూడా ఫ్యూజు ఎందుకని చాలామంది అడుగుతారు. ఇంజనుకూ బ్యాటరీకీ మధ్య ఉండే మందపాటి గ్రౌండు పట్టీ తుప్పు పట్టి తెగితే, స్టార్టరు మోటారు లాగే వందల ఆంపియర్లు వేరే దారి వెతుక్కుంటాయి. మీ సెట్టు రుణ తీగ, యాంటెన్నా కేబులు మీది అల్లిక కలిసి ఆ దారి అవుతాయి. బ్యాటరీ రుణ టెర్మినలుకు నేరుగా కలిపినప్పుడే ఈ ప్రమాదం, అప్పుడే ఆ ఫ్యూజు అవసరం. కొత్త కార్లలో ఆ టెర్మినలు మీద బ్యాటరీని గమనించే చిన్న సెన్సరు ఉంటుంది. అలాంటి వాటిలో రుణ తీగను టెర్మినలుకు కాక, బ్యాటరీ గ్రౌండు తీగ కారు శరీరాన్ని కలిసే చోట బిగించాలి. లేకపోతే సెట్టు వాడుకున్న కరెంటు సెన్సరు లెక్కకు అందదు.

ప్రశ్న: మా అన్నయ్య లారీలో 24 వోల్టులు ఉంటాయి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: సరిపోదు, చేయకండి. ఒక బ్యాటరీ రోజూ కొంత ఎక్కువ ఖాళీ అవుతుంటే, రెంటినీ కలిపి నింపే ఆల్టర్నేటరుకు ఆ తేడా తెలియదు. ఒకటి సగమే నిండుతుంది, రెండోది మోతాదు మించి ఉడుకుతుంది, కొన్ని నెలల్లో రెండూ పోతాయి. 15 ఆంపియర్లకు తక్కువ కాని, 24ను 12గా మార్చే కన్వర్టరు పెట్టించండి. ఇంకో మాట, సరుకు రవాణా మాటలకు హామ్ పౌనఃపున్యాలు పనికిరావు, వ్యాపార సంభాషణ ఆ లైసెన్సుకు నిషిద్ధం. మీ అన్నయ్యగారి అవసరం అదే అయితే కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ నుంచి వేరే లైసెన్సు తీసుకోవాలి.

ప్రశ్న: ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా నుంచి ఎంత శక్తి తిరిగివస్తోందో చెప్పేది) 144 మెగాహెర్ట్జ్ వద్ద 1.3, 146 వద్ద 2 చూపిస్తోంది. కడ్డీ కత్తిరించాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: కింది అంచున తక్కువ, పై అంచున ఎక్కువ ఉన్నదంటే కడ్డీ కొద్దిగా పొడుగున్నట్టే. నాలుగో వంతు కడ్డీలో సుమారు మూడున్నర మిల్లీమీటర్లు తగ్గిస్తే అనువైన బిందువు ఒక మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. కాబట్టి ఒక్కసారికి రెండు మిల్లీమీటర్లకు మించి తీయకండి, కత్తిరించిన ముక్కను అతికించడం ఎవరి వల్లా కాదు. కారును గోడలకు దూరంగా నిలిపి, తలుపులన్నీ మూసి, మీరు కూడా దూరంగా జరిగి కొలవండి. 2 అంటే భయపడాల్సిన అంకె కాదు, తిరిగివచ్చే శక్తి 11 శాతమే. 3 అయితే పావు భాగం తిరిగివస్తుంది, అక్కడ ఆగి ఆలోచించాలి.

దీనికన్నా ఎక్కువ కలవరపడవలసింది, ఎప్పుడూ అందంగా 1.1 చూపే పాత యాంటెన్నా గురించి. కేబులులోకి వాన నీరు దిగితే, వెళ్లే శక్తీ తిరిగివచ్చే శక్తీ దారిలోనే ఇంకిపోయి మీటరు అబద్ధపు మెచ్చుకోలు చూపిస్తుంది. ఆర్‌జీ-58 రకం సన్న కేబులు కొత్తదైనా ఐదు మీటర్లలో సుమారు ఒక డెసిబెల్, అంటే ఐదో వంతు శక్తి, మింగేస్తుంది. మిగిలిపోయిన కేబులును సీటు కింద చుట్ట చుట్టి దాచడం కన్నా కత్తిరించి కొత్త కనెక్టరు వేయించడం నయం. ప్రతి వానాకాలం ముందు బయట ఉన్న కనెక్టరుకు రబ్బరు టేపు చుట్టండి.

ప్రశ్న: యాక్సిలరేటరు తొక్కుతున్న కొద్దీ సెట్టులో ఈల లాంటి శబ్దం పెరుగుతోంది. అది కాక ఇంజను ఆపినా ఒక బుస్సుమనే శబ్దం ఉంటోంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఈల ఆల్టర్నేటరుది, అది కరెంటు తీగ ద్వారా వస్తుంది. సెట్టు తీగలు నేరుగా బ్యాటరీ నుంచి వస్తున్నాయా, గ్రౌండు బిగింపు కింద రంగు గీకి శుభ్రం చేశారా అని ముందు చూడండి. రెండోదానికి యాంటెన్నా కేబులు విప్పి చూడండి. శబ్దం పోతే అది గాలిలో నుంచి వస్తున్నట్టు. దొంగ సాధారణంగా డాష్‌క్యామ్ గానీ, చవక యూఎస్‌బీ చార్జరు గానీ అయి ఉంటుంది. ఒక్కొక్కటిగా పీకి వినండి.

ప్రశ్న: మేము మూడు కార్లలో హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళుతున్నాం. మన్ననూరు దాటాక నల్లమలలో ఫోను సిగ్నలు అందదు కాబట్టి ఆన్‌లైన్‌లో వాకీటాకీలు కొందామనుకుంటున్నాం. లైసెన్సు కావాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఏది కొంటారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే తక్కువ శక్తి సెట్లకు 2018 నిబంధనల కింద వాడేవారికి లైసెన్సు అక్కరలేదు, కానీ ఆ నమూనాకు ప్రభుత్వ ఆమోద ధ్రువపత్రం ఉండాలి. ఏ పౌనఃపున్యానికైనా మార్చుకోగల చవక సెట్లు ఈ కోవలోకి రావు, లైసెన్సు లేకుండా వాటిలో మాట్లాడటం నేరం. ఇలాంటి అమ్మకాలను అదుపు చేయడానికే వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో ఆన్‌లైన్ అమ్మకందారులకు మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం పౌనఃపున్యం, లైసెన్సు అవసరం వివరాలు అమ్మకపు పేజీలోనే కనిపించాలి. కనిపించకపోతే కొనకండి.

ఆ సెట్లు కార్లు ఒకదానికొకటి కనిపిస్తున్నంత మేర బాగా పనిచేస్తాయి, ఘాట్ రోడ్డు మలుపు దాటితే మూగబోతాయి. కాబట్టి చివరి కారు కనిపించని చోట ముందు కారు ఆగాలని బయలుదేరే ముందే అనుకోండి. మాట్లాడే పని పక్క సీటులో కూర్చున్నవారిదే కావాలి. 2019 సవరణ తరువాత, నడుపుతూ చేతిలో పట్టుకున్న సాధనంలో మాట్లాడటం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను కింద ప్రమాదకర డ్రైవింగే. మీ పిల్లలకు ఇందులో ఆసక్తి ఉంటే, పన్నెండేళ్లు నిండినవారెవరైనా హామ్ పరీక్ష రాయవచ్చు. మీ ఊళ్లోనే ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థలో అడిగి చూడండి.