ఎలక్ట్రానిక్స్ రాని బయాలజీ స్టూడెంట్ బయో ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్ తీసుకోవచ్చా? అసలు అందులో ఏం నేర్చుకుంటాం?

నిక్షేపంగా తీసుకోవచ్చు. నేనూ బయాలజీ నుంచి వెళ్లినదాన్నే. మొదటి రోజు నాకు ఓమ్ సూత్రం తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఒక పూటంతా ఎల్‌ఈడీ వెలగకపోతే వైర్లు గుచ్చే బ్రెడ్‌బోర్డే పాడైందనుకున్నాను. తీరా చూస్తే ఎల్‌ఈడీని తిరగేసి గుచ్చాను. ఆ టెన్షన్ రెండు మూడు వారాల్లో పోతుంది.

ఏం నేర్చుకుంటామన్న మీ రెండో ప్రశ్నకు నేను చేసిన ఒక ప్రయోగం చెబుతాను.

డీఎన్‌ఏ ఏ ఉష్ణోగ్రత దగ్గర రెండు పోగులుగా విడిపోతుందో కొలవాలి. కొలిచే పరికరాన్ని మేమే కట్టుకోవాలి. జంట పోగులకు అంటుకున్నప్పుడే బాగా మెరిసే ఒక డై కలుపుతాం. నీలం ఎల్‌ఈడీ వెలుగు పడితే అది పచ్చగా మెరుస్తుంది. నీలాన్ని ఫిల్టర్ ఆపేస్తుంది, పచ్చ వెలుగు మాత్రం, వెలుగును కరెంటుగా మార్చే ఫోటోడయోడ్‌కు చేరుతుంది. వేడి చేస్తూ పోతే పోగులు విడిపోయి మెరుపు తగ్గుతుంది. సగం విడిపోయిన చోట ఉన్నది మెల్టింగ్ టెంపరేచర్. కాగితం మీద ఇంతే.

ఫోటోడయోడ్ ఇచ్చే కరెంటు నానోఆంపియర్లలో ఉంటుంది. సిగ్నల్‌ను పెంచే ఆప్-ఆంప్ చిప్‌కు 10 మెగాఓమ్‌ల రెసిస్టర్ తగిలించినా ఒక నానోఆంపియర్‌కు వచ్చేది 10 మిల్లీవోల్టులే. వోల్టేజీని తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోప్ ఆన్ చేస్తే డీఎన్‌ఏ సంగతి దేవుడెరుగు, తెరంతా ఒకటే అల, సెకనుకు 100 సార్లు. ఏమిటా అని చూస్తే గదిలో లైట్లు! 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే లైటు ఒక్కో సైకిల్లో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, అందుకే 100. నల్లగుడ్డ కప్పితే చాలావరకు పోయింది. మిగిలినదానికి లాక్-ఇన్ పద్ధతి వాడాం. ఎల్‌ఈడీని ఒక లెక్క ప్రకారం ఆర్పుతూ వెలిగిస్తూ, అదే లయలో వచ్చే సిగ్నల్‌ను మాత్రం ఏరుకుంటాం. హాలంతా గోలగా ఉన్నా, ఒకరు వేసే తాళం మీదే చెవి పెట్టి వినడం లాంటిది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. వేడి చేసేటప్పుడు గ్రాఫులో ఒక గీత వచ్చింది, చల్లార్చేటప్పుడు ఇంకో గీత. రెంటికీ మధ్య ఐదారు డిగ్రీల తేడా. విడిపోవడానికీ కలవడానికీ దారులు వేరని, డీఎన్‌ఏలో ఏదో పెద్ద విశేషం కనిపెట్టేశామని రిపోర్టులో అరపేజీ రాశాం. మేడమ్ అది చదివి ఒక్కటే అడిగారు: "మీ సెన్సర్ ఎక్కడుంది?"

ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఉన్నది వేడి చేసే లోహపు దిమ్మెలో. డీఎన్‌ఏ ఉన్నది క్యువెట్ అనే చిన్న పారదర్శక పాత్రలోని ద్రవంలో. దిమ్మె వేడెక్కినంత త్వరగా ద్రవం వేడెక్కదు, చల్లారేటప్పుడూ అంతే. కాబట్టి వేడి చేసేటప్పుడు మెల్టింగ్ టెంపరేచర్ ఎక్కువగా, చల్లార్చేటప్పుడు తక్కువగా కనిపిస్తుంది. మర్నాడు డీఎన్‌ఏ లేని ఉత్త బఫర్ ద్రావణంలో సన్నటి థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) ముంచి చూశాం. మా "విశేషం" అంతా అక్కడే బయటపడింది. వేడి చేసే వేగం తగ్గించాక గీతలు దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఆ అరపేజీ కొట్టేస్తున్నప్పుడు సిగ్గేసింది గానీ, ఇప్పుడు ఏ మెషీన్ డిగ్రీలు చూపించినా నా మొదటి ప్రశ్న మేడమ్ అడిగినదే.

చేరేముందు ఆర్‌సీ ఫిల్టర్ (రెసిస్టర్, కెపాసిటర్‌లతో అక్కర్లేని సిగ్నల్‌ను వడగట్టే సర్క్యూట్), ఆప్-ఆంప్ మూల సూత్రాలు, కొంచెం పైథాన్ చూసుకుంటే చాలు. టంకం వేయడం అక్కడే వస్తుంది. టైమ్ మాత్రం బాగా తింటుంది, ఆ సెమిస్టర్లో ఇంకో బరువైన ల్యాబ్ పెట్టుకోకండి.

ఇంకో మాట. గ్రూపులో ఎలక్ట్రానిక్స్ వచ్చినవాళ్లు వైర్లన్నీ గుచ్చేసి, బయాలజీ వాళ్లకు రిపోర్టు అప్పజెప్పడం మామూలే. ఒప్పుకోకండి. నెమ్మదైనా సరే, కనీసం ఒక సర్క్యూట్ మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో కట్టండి. అన్నట్టు, ఆసిలోస్కోప్ ప్రోబ్ మీద 1ఎక్స్, 10ఎక్స్ అని చిన్న స్విచ్ ఉంటుంది. సిగ్నల్ పదో వంతే వస్తోందేమిటని సర్క్యూట్ అంతా పీకి మళ్లీ కట్టేముందు దాన్నొకసారి చూడండి. మేం పీకాకే చూశాం.