బావుల చదువు చదువుతానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె, కొబ్బరి తోటే ఆధారం. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. బావులు తవ్వి, భూమిలో దాచిన కార్బన్ డయాక్సైడ్‌తో కరెంటు తీసే పని నేర్చుకుంటానంటోంది. చుట్టాలంతా సీఎస్ఈలో చేర్చమంటున్నారు. పాశర్లపూడి మంటలు చూసినవాణ్ణి, బావి పేరెత్తితేనే నాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: అయ్యా, ముందు మీ భయం సంగతి. 1995లో పాశర్లపూడిలో ఎగజిమ్మింది సహజవాయువు. దాన్ని ఆర్పడానికి రెండు నెలలు దాటింది. కార్బన్ డయాక్సైడ్ మండదు. అలాగని ప్రమాదమే లేదనను. గాలి కన్నా బరువు కాబట్టి, పెద్దయెత్తున లీకైతే పల్లంలో పేరుకుని ఊపిరాడనివ్వదు. మన కోనసీమ అంతా పల్లమే కదా! పైగా పొడిగా ఉన్నంతకాలం స్టీలు గొట్టాన్ని ఏమీ చెయ్యదు గానీ, నీటితో కలిస్తే ఆమ్లమై తినేస్తుంది, బావి చుట్టూ పోసిన సిమెంటునూ వదలదు. వీటిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి. మీ అమ్మాయికి పని దొరికేది అక్కడే.

ఈ కరెంటు తీసే పద్ధతిలో కార్బన్ డయాక్సైడ్‌ను రెండు మూడు కిలోమీటర్ల లోతుకు పంపుతారు. అక్కడి ఒత్తిడికి ద్రవంలా చిక్కబడినా, రాతి సందుల్లో వాయువులా సులువుగా పారుతుంది. భూగర్భ వేడికి వేడెక్కి తేలికై ఇంకో బావిలోంచి చాలావరకు తనంతటే పైకొస్తుంది. టర్బైన్ తిప్పి, చల్లబడి, మళ్లీ లోపలికే పోతుంది. జిమ్మీ రాండాల్ఫ్, మార్టిన్ సార్ (Saar, ఇది ఇంటిపేరే) అనే పరిశోధకులు అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి 2011లో దీనిపై పేపరు ప్రచురించారు. ఈ వాయువును దాచడం మాత్రం అంతకు ముందే ఉంది, నార్వేవాళ్లు స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రంలో 1996 నుంచే సముద్రం అడుగున దాస్తున్నారు. కరెంటు తీయడం ఇంకా వ్యాపార స్థాయికి రాలేదు.

అందుకే ఆ ఒక్క పని పేరుతో ఉన్న కోర్సు కోసం వెతకొద్దు. నా సలహా పెట్రోలియం ఇంజినీరింగ్. బావి తవ్వడం, గొట్టం దించడం, రాతి పొరను అంచనా వెయ్యడం గ్యాసుకైనా భూగర్భ వేడికైనా ఒకటే. కాకినాడ జేఎన్‌టీయూకి ఈఏపీసెట్ ర్యాంకు సరిపోతుంది, విశాఖలోని ఐఐపీఈకి (పెట్రోలియం, ఎనర్జీ చదువుల కేంద్ర సంస్థ) జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. రాళ్ల మీదే మక్కువ ఎక్కువైతే డిగ్రీ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో జియోఫిజిక్స్ ఉంది. గోదావరికి ఎగువన, మణుగూరు దగ్గర సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల భూతాప (భూగర్భ వేడితో కరెంటు తీసే) ప్లాంటు గురించి ఆమెను చదవమనండి.

రిగ్గు (బావి తవ్వే యంత్రం) మీద రాత్రి షిఫ్టులు, బురద, ఇంటికి దూరంగా రోజుల తరబడి ఉండటం తప్పవు. అవన్నీ చెప్పి, అప్పుడూ అదే కావాలంటే కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్ ఆమెనే పెట్టుకోనివ్వండి.