మా పాప వీధికుక్కల డాక్టరు అవుతానంటోంది, ఇది ఉద్యోగమేనా?

ప్రశ్న: రాజాంలో ఎరువుల షాపు నడుపుతున్నాను. మా పాప గరివిడి వెటర్నరీ కాలేజీలో మూడో ఏడాది చదువుతోంది. చదువు అయ్యాక గవర్నమెంటు పశువుల డాక్టరు అవుతుందని మేం అనుకుంటుంటే, తను షెల్టర్ మెడిసిన్ చేస్తాను, కుక్కల సెంటర్లలో పనిచేస్తాను అంటోంది. చుట్టాలు "ఏటి, ఇంత చదివించి కుక్కల దగ్గరకా" అని నవ్వుతున్నారు. ఇది నిజంగా ఉద్యోగమేనా, వయసు సరదానా? మీరే చెప్పండి.

జవాబు: ఉద్యోగమే అండీ. కాకపోతే మన దగ్గర ఆ పేరుతో పోస్టు ఉండదు, చిక్కంతా అక్కడే ఉంది. పోస్టు పేరు లేని పనికి పెళ్లి సంబంధాల్లో ఏం చెప్పాలో తెలీదు, చుట్టాలకి ఏం చెప్పాలో తెలీదు, అందుకే మీకీ కంగారు. చుట్టాల సంగతి వదిలేద్దాం, పని సంగతి మాట్లాడుకుందాం.

మీ షాపుకి రైతు ఒక వరి దుబ్బు పీక్కొచ్చి కౌంటర్ మీద పెట్టి "ఏటి మందు కొట్టమంటావు" అంటాడు కదా. మీరు వెంటనే డబ్బా తీసి చేతిలో పెట్టరు. మడంతా ఇలాగే ఉందా, గట్టు వెంబడేనా, నీరు ఎన్నాళ్ల నుంచి నిలిచింది, యూరియా ఎంత వేశావు, పక్క మడిలో కూడా ఉందా అని నాలుగు ప్రశ్నలు వేస్తారు. మామూలు పెంపుడు కుక్కల డాక్టరు ముందున్నది ఆ దుబ్బు. షెల్టర్ డాక్టరు ముందున్నది మడి. రెండు వందల కుక్కలు ఒకే కాంపౌండులో ఉన్నప్పుడు ఒక కుక్కకి విరేచనాలు మొదలైతే ఆ కుక్కకి సెలైన్ పెట్టడం చిన్న పని, మిగతా నూట తొంభై తొమ్మిదిని కాపాడటం పెద్ద పని. షెల్టర్ మెడిసిన్ అంటే ఆ పెద్ద పని.

పార్వో అనే వైరస్ ఉంది, కుక్కపిల్లల్ని రోజుల్లో చంపేస్తుంది. అది నేల మీద, గిన్నెల మీద, మనుషుల చెప్పుల మీద నెలల తరబడి బతుకుతుంది, మనం కరోనా టైములో చేతులకి రాసుకున్న స్పిరిట్ శానిటైజర్ దాన్ని ఏమీ చెయ్యలేదు. బ్లీచింగ్ ద్రావణం చంపుతుంది కానీ ముందు మలం, మురికి శుభ్రంగా కడిగేశాకే, లేకపోతే బ్లీచ్ కాస్తా ఆ మురికి మీదే ఖర్చైపోతుంది. కాబట్టి షెల్టర్లో పొద్దున్న చీపురు పట్టుకునే మనిషి ముందు ఏ గదికి వెళ్లాలి (ఆరోగ్యంగా ఉన్న కుక్కపిల్లల గదికి), చివర్న ఏ గదికి వెళ్లాలి (జబ్బు గదికి), ఒక గది బకెట్ ఇంకో గదికి వెళ్లొచ్చా లేదా, ఇదంతా డాక్టరే రాసిపెట్టాలి. గేటు దగ్గర దింపగానే టీకా వెయ్యాలి, రేపు చూద్దాం అంటే కుదరదు. ఇళ్లలో పెరిగే కుక్కపిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టీకా మొదలుపెడితే, షెల్టర్లో నాలుగు వారాలకే మొదలుపెట్టి రెండు వారాలకోసారి, ఇంచుమించు ఐదు నెలల వయసు వచ్చేదాకా వేస్తారు.

ఇంకోటి, ఇది మీకైతే వెంటనే అర్థమవుతుంది. గోడౌన్ లెక్క. రోజుకి ఐదు కుక్కలు వస్తాయి, ఒక్కోటి సగటున పది రోజులుంటుంది అనుకుంటే యాభై గూళ్లు కావాలి. అదే సగటు ఇరవై రోజులైతే వంద. కుక్కలు ఎక్కువ రావక్కర్లేదు, వచ్చినవి ఆలస్యంగా వెళ్తే చాలు, షెల్టర్ నిండిపోతుంది, కిక్కిరిస్తుంది, జబ్బులు మొదలవుతాయి, జబ్బు పడ్డవి ఇంకా ఎక్కువ రోజులుంటాయి. అందుకని మంచి షెల్టర్ డాక్టరు రోజూ పొద్దున్న ప్రతి గూడు ముందూ ఆగి "ఇది ఈరోజు ఇక్కడ ఎందుకుంది, దీన్ని పంపించడానికి ఏం అడ్డు" అని అడుగుతాడు. అది మందుల చీటీలో రాసేది కాదు, అయినా ప్రాణాలు కాపాడేదాంట్లో సగం అదే.

ఆపరేషన్ల సంగతి సరేసరి. ఇక్కడ చెయ్యి వేగంగా, శుభ్రంగా తిరగాలి. చిన్న కోత పెట్టి, రక్తం పోకుండా, కుక్క సాయంత్రానికి లేచి నిలబడేలా ఆడకుక్కకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చెయ్యడం, అదీ రోజుకి ఒకటి కాదు, వరసగా. దాంతో పాటు పురుగులు పట్టిన పుళ్లు, బండి గుద్దిన కాళ్లు, గజ్జి, గోమార్లు తెచ్చే రక్త జ్వరాలు, జననాంగాల దగ్గర ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే గడ్డలు (టీవీటీ అంటారు, విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు వారానికొకటి చొప్పున వేస్తే చాలావరకు కరిగిపోతాయి, మన వీధికుక్కల్లో ఇది మామూలే). పెద్ద ఊళ్లో ఏసీ పెట్ క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు ఏళ్ల తరబడి చూసే కేసులు మీ అమ్మాయి ఒక వర్షాకాలంలో చూసేస్తుంది.

అమెరికాలో దీన్ని చదువుగా గుర్తించి చాలాకాలమైంది. కార్నెల్ యూనివర్సిటీలో 1999లో కోర్సు పెట్టారు, 2001లో షెల్టర్ డాక్టర్ల సంఘం ఏర్పడింది, 2014లో కార్డియాలజీ, సర్జరీల్లాగే ఇదీ ఒక స్పెషాలిటీ అని అధికారికంగా ఒప్పుకున్నారు. అక్కడ వీళ్లు షెల్టర్లలోనే కాదు, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్తారు, షెల్టర్ల డిజైన్‌కి సలహాదారులుగా వెళ్తారు, కుక్కల పోరాట ముఠాల్ని పట్టుకున్నప్పుడు కోర్టులో సాక్ష్యం చెప్తారు, వరదలొస్తే జంతువుల క్యాంపులు నడుపుతారు. తుపాన్లు మనకి కొత్త కాదు కాబట్టి ఆ చివరిది ఉత్తరాంధ్ర వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఈ పని పేరు లేకుండా ఎప్పట్నుంచో నడుస్తోంది. చెన్నైలో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్లు వీధికుక్కల ఆపరేషన్లు 1964లోనే మొదలుపెట్టారు. మనకి దగ్గర్లో విశాఖలో వీఎస్‌పీసీఏ అనే అలాంటి సంస్థే ఉంది, హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ ఉంది, ఉదయపూర్, జైపూర్, బెంగళూరుల్లో పేరున్న సంస్థలున్నాయి. గోవాలో కుక్కలకి పెద్ద ఎత్తున టీకాలు వేసి రేబిస్‌ని దాదాపు అదుపులోకి తెచ్చారు, అందులో పనిచేసింది ఇలాంటి డాక్టర్లే. 2023లో కేంద్రం కొత్త జంతు జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. ఆ ప్రకారం వీధికుక్కల ఆపరేషన్లు, టీకాల బాధ్యత పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్‌లదే. గుర్తింపు ఉన్న సెంటర్లోనే చెయ్యాలి, తీసిన అవయవాల్ని కూడా దాచి లెక్క చూపించాలి. లెక్క చూపించాలంటే సంతకం పెట్టే డాక్టరు కావాలి కదా.

ఆ తర్వాత 2025లో సుప్రీంకోర్టు గొడవ మీరు టీవీలో చూసే ఉంటారు. ఆగస్టు 22న, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కల్ని పట్టుకున్న చోటే వదలండి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి మాత్రం వదలొద్దు అన్నారు. నవంబరు 7న ఇంకో మాట, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టిన కుక్కల్ని తిరిగి అక్కడ వదలకూడదు, షెల్టర్లలో పెట్టండి అని. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుంది, నా అభిప్రాయం ఇక్కడ అనవసరం. మనకి కావలసింది ఒకటే: రేపు కుక్కలు పది రోజులు కాదు, ఏళ్ల తరబడి ఉండే షెల్టర్లు కట్టాల్సొస్తుంది. రేకులు వేసి గోడలు కట్టడానికి కాంట్రాక్టరు ఉంటాడు, ఆ గోడల మధ్య మూడో నెలలో డిస్టెంపర్ (కుక్కల నుంచి కుక్కలకి అంటుకుని చంపే వైరస్ జబ్బు) వస్తే ఏం చెయ్యాలో తెలిసిన డాక్టరు ఎంతమంది ఉన్నారు? మీ అమ్మాయి ఆ లోటు ఇప్పుడే చూసిందంటే, పిచ్చి సరదా అని నేను అనలేను.

గోశాలల్ని కూడా మర్చిపోకండి, షెల్టర్ అంటే కుక్కలే అని ఎవరన్నారు. సింహాచలం అప్పన్నకి కోడెదూడల మొక్కు మన ప్రాంతమంతా తీర్చుకునేదే. తల్లి దగ్గర్నుంచి తెచ్చిన లేతదూడలు గుంపుగా ఒకచోట ఉంటే ఏం జబ్బులొస్తాయో, జున్నుపాలు సరిగ్గా తాగని దూడ ఎందుకు నిలవదో తెలిసిన డాక్టరు కావాలి. రోడ్ల మీద తిరిగే ఆవుల కడుపుల్లో కిలోల కొద్దీ ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి, పొట్ట కోసి తియ్యాలి. ఇంట్లో వాళ్లకి "కుక్కల దగ్గర" అని చెప్పడం కష్టంగా ఉంటే "గోశాల డాక్టరు" అని చెప్పి చూడండి, అదే చుట్టాలు దండం పెడతారు. నవ్వులాటకే అన్నా, నిజం కూడా.

ఇప్పుడు చేదు మాట. నాలుగైదేళ్ల క్రితం ఇలాగే ఉత్సాహంగా వచ్చిన ఒక అమ్మాయిని, జంతువులంటే ప్రేమ ఉంది కదా అని, వేరే రాష్ట్రంలో ఒక షెల్టర్‌కి పంపించేశాను. నేను ముందు ఏమీ కనుక్కోలేదు, అది నా తప్పే. అక్కడ జబ్బువాటికి వేరే గది లేదు, వచ్చిన ప్రతి జంతువునీ కాదనకుండా తీసుకుంటారు, రోజూ పొద్దున్న చచ్చిన కుక్కపిల్లల్ని ఏరడంతో పని మొదలు. ఆ పిల్ల నాలుగు నెలల్లో తిరిగొచ్చేసింది, చాలాకాలం ఏ కుక్కనీ ముట్టుకోలేదు. నయం కాని జంతువుకి బాధ లేని చావు ఇవ్వడం కూడా ఈ డాక్టరు చేతుల మీదుగానే జరగాలి, ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టదు. జీతం కూడా స్వచ్ఛంద సంస్థల్లో మొదట్లో సర్కారీ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ జీతంతో పోల్చుకునేలా ఉండకపోవచ్చు. ఇవన్నీ తనకి తెలుసా అని అడగండి, వాదించడానికి కాదు, ఊరికే అడగండి.

అందుకే ఎక్కడికైనా చేరేముందు ఒక రోజు వెళ్లి కూర్చుని చూడమంటాను. జబ్బు గది వేరుగా ఉందా, వచ్చిన రోజే టీకా వేస్తున్నారా, ఇంకా ఎన్నిటిని తీసుకోగలమో వాళ్లకి ఒక అంకె ఉందా, డాక్టరు చెప్పిన మాట మేనేజరు వింటాడా. చివరిది ముఖ్యం. డాక్టరు చోటు లేదంటే మేనేజరు గేటు తెరిచే చోట ఎంత చదువున్నా పనికిరాదు.

దారి ఎలాగంటే, ముందు డిగ్రీ, ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి స్టేట్ వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి, అది లేకుండా ప్రాక్టీసే లేదు. కాలేజీలో మిగిలిన రోజుల్లో సర్జరీ, ఎపిడెమియాలజీ (జబ్బు గుంపులో ఎలా పాకుతుందో చెప్పే సబ్జెక్టు), పబ్లిక్ హెల్త్ పాఠాలు బాగా పట్టుకోమనండి. పిల్లలందరూ సర్జరీ వెంటపడి ఎపిడెమియాలజీని పాస్ మార్కుల సబ్జెక్టులా చూస్తారు, ఈ పనికి అదే వెన్నెముక. సెలవుల్లో విశాఖ దగ్గరే కాబట్టి అక్కడ ఏదైనా సెంటర్లో వారం పది రోజులు ఉండి రమ్మనండి. డిగ్రీ చేతికొచ్చాక ఊటీలో వరల్డ్‌వైడ్ వెటర్నరీ సర్వీస్ వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది, వీధికుక్కల ఆపరేషన్లలో చెయ్యి తిరగడానికి తక్కువ రోజుల కోర్సులు నడుపుతారు. మన దగ్గర ఎంవీఎస్సీ (వెటర్నరీ పీజీ) సర్జరీలోనో, మెడిసిన్‌లోనో, పబ్లిక్ హెల్త్‌లోనో చేసి దీన్ని కలుపుకోవాలి, నన్నడిగితే పబ్లిక్ హెల్త్. ఫ్లోరిడా యూనివర్సిటీ షెల్టర్ మెడిసిన్‌ని ఆన్‌లైన్‌లోనే నేర్పుతుంది, ఉద్యోగం చేస్తూ చదవొచ్చు, కానీ అది ఇప్పుడే వద్దు, రెండేళ్లు గూళ్ల మధ్య తిరిగాక. అమెరికా వెళ్లి అక్కడే డాక్టరుగా చెయ్యాలంటే మన డిగ్రీకి వేరే అర్హత పరీక్షలు, ఆపైన అక్కడి డాక్టరు లైసెన్సుకి రాసే ఎన్‌ఏవీఎల్‌ఈ పరీక్ష ఉంటాయి, ఖర్చుతో పాటు ఏళ్లు పట్టే సంగతి. దానికోసం ఇప్పట్నుంచే అప్పు చెయ్యకండి.

గవర్నమెంటు ఉద్యోగం మాట. రెండూ ఒకదానికొకటి అడ్డు అనుకుంటున్నారు, కాదు. నోటిఫికేషన్ వస్తే రాయమనండి, వస్తే చేరమనండి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఇప్పుడు కార్పొరేషన్లే, వీటికి కుక్కల సెంటర్ నడపడం తెలిసిన వెటర్నరీ డాక్టరు అవసరం పడుతూనే ఉంటుంది. డిపార్ట్‌మెంట్లో ఉండి ఆ పని అడిగి తీసుకునేవాళ్లు తక్కువ, చాలామంది తప్పించుకుంటారు. తెలిసి, ఇష్టపడి అడిగే మనిషి ఉంటే పై ఆఫీసరుకి అంతకంటే ఏం కావాలి. నోటిఫికేషన్ రాకపోతే ఖాళీగా కూర్చునే బదులు ఏదైనా మంచి షెల్టర్లో రెండేళ్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది, అక్కడ నేర్చుకున్న సర్జరీతో రాజాంలోనే సొంత క్లినిక్ పెట్టుకున్నా బతుకుతుంది.

వాళ్లమ్మగారికి చెప్పండి, పాప ఏ తప్పు దారీ పట్టలేదు. గరివిడి ఎంతో దూరం కాదు కాబట్టి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఉద్యోగం గురించి ఎత్తకుండా ముందు ఒకటి అడగండి, రేబిస్ రాకుండా ముందస్తు టీకాలు వేయించుకుందా లేదా అని. కుక్క కరిచాక వేసుకునేవి కాదు, కరవకముందే వేసుకునేవి. వేయించుకోకపోతే విశాఖ సెంటర్‌కి వెళ్లే ఆలోచన కూడా అవి పూర్తయ్యాకే.