టెక్ సందేహాలు: మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెద్ద తెర టీవీల మీదే. కొని వారమైన వాళ్లు బొమ్మ గురించి రాశారు. రెండు మూడేళ్లు దాటిన వాళ్లు రిపేరు గురించి రాశారు. ఈ రెండూ వేర్వేరు గొడవలని ఒకప్పుడు నేనూ అనుకునేవాణ్ణి. మా ఇంటి టీవీని వెనక నుంచి విప్పి చూశాక ఆ అభిప్రాయం పోయింది. అందుకే మిగతా సందేహాలు పక్కన పెట్టి ఈసారి టీవీలకే చోటిస్తున్నాను.

ప్రశ్న: మా 65 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి మూడేళ్లు. మొన్న చూస్తుండగానే తెర నల్లబడింది. మాట వస్తోంది, బొమ్మ రావట్లేదు. చానెల్ మారుస్తుంటే మాటలూ మారుతున్నాయి. ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోవడమే మేలని మెకానిక్ అంటున్నారు. ఇంకో దారి లేదా?

జవాబు: ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గదిలో లైట్లన్నీ ఆర్పేసి, టీవీ ఆన్ చేసి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా కాస్త ఏటవాలుగా పట్టుకోండి. వెలుగు పడిన చోట బొమ్మ నీడలా కదులుతూ కనిపిస్తే మీ ప్యానెల్ బతికే ఉంది. పోయింది దాని వెనకున్న వెలుగు, అంటే బ్యాక్‌లైట్.

మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. ఆ ఎల్‌సీడీ గాజుకు సొంత వెలుగు లేదు. వెనక పట్టీల మీద వరసగా అమర్చిన ఎల్‌ఈడీలు వెలిగితేనే దాని మీది బొమ్మ మన కంటికి ఆనుతుంది. చాలా టీవీల్లో ఆ ఎల్‌ఈడీలను సీరియల్ బల్బుల దండలా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. ఒక్కటి మాడితే ఆ వరసంతా ఆరిపోతుంది. తేడా పసిగట్టిన డ్రైవర్ సర్క్యూట్ మిగతా వరసలకూ కరెంటు ఆపేస్తుంది. ఆన్ చేయగానే ఒక్క క్షణం వెలిగి మళ్లీ నల్లబడుతున్నా సాధారణంగా ఇదే జబ్బు.

పట్టీల సెట్టు ఖరీదు ప్యానెల్ ఖరీదు ముందు చాలా తక్కువ. భయమంతా గాజు దగ్గరే. పట్టీలను చేరాలంటే అంత పెద్ద, పలచటి గాజును ఊడదీసి పక్కన పెట్టాలి. 65 అంగుళాల గాజును ఒక్కరే ఎత్తబోతే అది వంగుతుంది, వంగితే పగులుతుంది. కాబట్టి మెకానిక్‌ని ముందే అడగండి. ఇద్దరు వస్తారా? గాజు పగిలితే బాధ్యత ఎవరిది? మాడిన ఒక్క ఎల్‌ఈడీనే మారుస్తారా, పట్టీలన్నీ మారుస్తారా? అన్నీ మార్పించుకోవడమే మంచిది. మిగిలినవి కూడా మాడినదాని ఈడువే కదా, ఆరు నెలల్లో ఇంకొకటి పోతే మళ్లీ అదే తతంగం.

టార్చి వేసినా ఏమీ కనిపించకపోయినా, తెర మసకగా వెలుగుతూ బొమ్మ లేకపోయినా అనుమానం ప్యానెల్‌కు బొమ్మ సంకేతాలు పంపే టీ-కాన్ బోర్డు మీదికి, మెయిన్ బోర్డు మీదికి వెళ్తుంది. అవి మార్చదగినవే. నిలువు గీతలు వస్తే మాత్రం ఎక్కువసార్లు ప్యానెల్ అంచున అతికించిన సన్నటి రిబ్బన్ తీగల దగ్గర తేడా వచ్చి ఉంటుంది. అప్పుడు మీ మెకానిక్ మాటే నిజం, ఎందుకంటే ప్యానెల్ ఖరీదు దాదాపు టీవీ ఖరీదంత ఉంటుంది.

మూడేళ్లకే ఇలా ఎందుకైందంటారా? మీ టీవీలో పిక్చర్ మోడ్ 'వివిడ్' అనీ, బ్యాక్‌లైట్ 100 అనీ ఉందేమో గుర్తు చేసుకోండి. మా ఇంట్లో అలాగే ఉండేది. కొన్న రోజు కళ్లు జిగేలుమన్నాయని నేనే పెట్టాను. రెండేళ్లకు తెర మీద అక్కడక్కడ చందమామల్లా తెల్లటి చుక్కలు తేలాయి. ఓ మూల నీలం, ఊదా కలిసిన రంగులోకి తిరిగింది. విప్పి చూస్తే సంగతి తెలిసింది. ఒక్కో ఎల్‌ఈడీ మీద వెలుగును పరిచేందుకు బటన్ లాంటి ప్లాస్టిక్ లెన్సు అతికిస్తారు. వేడికి జిగురు వదిలి కొన్ని రాలిపోయాయి, ఆ చుక్కలు అవే. ఇక ఆ ఊదా రంగు సంగతి: తెల్లగా వెలిగే ఎల్‌ఈడీ లోపల నిజానికి నీలం ఎల్‌ఈడీయే ఉంటుంది. దాని మీద పూసిన పసుపుపచ్చ ఫాస్ఫర్ పూత ఆ నీలాన్ని తెలుపుగా చూపిస్తుంది. పూత వేడికి పాడయ్యేకొద్దీ లోపలి నీలం బయటపడుతుంది.

అంటే కొన్న వారంలో 'అబ్బ, ఏం బొమ్మ!' అనిపించిన ఆ 100 అంకే టీవీ ఆయుష్షును తినేసింది. పట్టీలు మార్పించాక బ్యాక్‌లైట్‌ను సగానికి తగ్గించి చూడండి. రెండు రోజులు మసకగా అనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది. మామూలు, అంటే హెచ్‌డీఆర్ (చీకటి, వెలుగుల మధ్య ఎక్కువ తేడా చూపించే పద్ధతి) కాని సినిమాలకు స్టూడియోల్లో చీకటి గదిలో రంగులు సరిచూసే మానిటర్ వెలుగు 100 నిట్లే (నిట్ అంటే తెర వెలుగుకు కొలత, మెనూలోని 100 అంకె కాదు). పగటి వెలుగు పడే గదిలో అంతకు మించే కావాలి, నిజమే. కానీ రాత్రిపూట లైట్లార్పి చూసేవాళ్లకు ఆ టార్చి వెలుగెందుకు? ఒక జాగ్రత్త. చాలా టీవీల మెనూలో 'బ్రైట్‌నెస్' అంటే బ్యాక్‌లైట్ కాదు, నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పే అంకె. దాన్ని తగ్గిస్తే నీడల్లోని వివరాలు పోతాయి తప్ప ఎల్‌ఈడీలకు ఒరిగేదేమీ లేదు. కొన్ని కంపెనీలు బ్యాక్‌లైట్‌నే బ్రైట్‌నెస్ అని పిలుస్తాయి. మీ మెనూలో 'బ్లాక్ లెవెల్' వేరే ఉంటే అలాంటి టీవీ అయి ఉండొచ్చు.

ప్రశ్న: 43 అంగుళాల పాత టీవీలో శుభ్రంగా కనిపించిన చానెళ్లు కొత్త 75 అంగుళాల 4కే టీవీలో అలుక్కుపోయినట్టున్నాయి. యూట్యూబ్‌లో 4కే వీడియోలు మాత్రం అద్భుతం. టీవీలో లోపమా?

జవాబు: లోపం టీవీది కాదు, దానికి అందుతున్న సరుకుది. 4కే తెర మీద 3840 అడ్డం, 2160 నిలువు, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. పాత ఎస్‌డీ ప్రసారంలో 720 అడ్డం, 576 నిలువు, నాలుగు లక్షల పైచిలుకు. ఒక్కో చుక్కను ఇరవై చుక్కల మేర సాగదీయాలి. టీవీలోని ప్రాసెసర్ ఊహించి పూరిస్తుంది కానీ లేని వివరాన్ని పుట్టించలేదు. పైగా 43 నుంచి 75కి వెళ్తే తెర వైశాల్యం మూడు రెట్లవుతుంది. అప్పటిదాకా కంటికి ఆనని మచ్చలు ఇప్పుడు అరచేతంత కనిపిస్తాయి.

ఆ చానెళ్ల హెచ్‌డీ రకాలు దొరికితే తీసుకోండి, సెట్‌టాప్ బాక్సు అవుట్‌పుట్ కూడా హెచ్‌డీకి మార్చారో లేదో చూడండి. 'షార్ప్‌నెస్' తగ్గించండి. ఇది వింటే చాలామంది నన్ను అనుమానంగా చూస్తారు. షార్ప్‌నెస్ పెంచితే వివరం పెరగదు, అంచుల చుట్టూ తెల్లటి గీత గీస్తుంది అంతే. ఎస్‌డీ చానెల్లో ఆ గీతలు మచ్చల చుట్టూ కూడా పడతాయి.

ప్రశ్న: కొత్త టీవీలో సినిమాలన్నీ టీవీ సీరియళ్లలా కనిపిస్తున్నాయి. మా అబ్బాయి నాకే అలా అనిపిస్తోందంటాడు.

జవాబు: మీ కన్నే కరెక్టు. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తారు. టీవీ ఆ ఫ్రేముల మధ్యలో తానే కొత్త ఫ్రేములు తయారుచేసి చొప్పిస్తుంది. కదలిక నునుపుగా, వీడియో కెమెరాతో తీసినట్టుగా మారిపోతుంది. మోషన్ స్మూతింగ్ అని, ట్రూమోషన్ అని కంపెనీకో పేరు. మెనూలో దాన్ని ఆపేయండి. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ అనే పరిశ్రమ సంఘం ప్రకటించిన 'ఫిల్మ్‌మేకర్ మోడ్' మీ టీవీలో ఉంటే ఒక్క నొక్కుతో ఈ పనితో పాటు షార్ప్‌నెస్ లాంటి మరికొన్ని అలంకారాలూ ఆగిపోతాయి. రంగులు మొదట పసుపు పట్టినట్టు అనిపిస్తాయి, వారం ఓపిక పట్టండి.

ఆపేశాక కెమెరా అడ్డంగా తిరిగే సీన్లలో కాస్త కుదుపు కనిపించొచ్చు. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే తెర, 24 ఫ్రేములను సమంగా పంచలేదు. ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపిస్తుంది. 120 హెర్ట్జ్ తెర ప్రతి ఫ్రేమునూ అయిదుసార్లు చూపించి సరిపెడుతుంది. ఆటల పోటీలకు మాత్రం స్మూతింగ్ కొద్దిగా ఉంచుకుంటే తప్పేమీ లేదు. నేనూ ఉంచుకుంటాను.

ప్రశ్న: హెచ్‌డీఆర్ సినిమా పెడితే బొమ్మ ఇంకా చీకటిగా వస్తోంది. హెచ్‌డీఆర్ అంటే వెలుగు ఎక్కువని కదా చెప్పారు?

జవాబు: హెచ్‌డీఆర్ సినిమాల్లో ఎక్కువ భాగాన్ని 1000 నిట్లు, కొన్నింటిని 4000 నిట్ల వెలుగును లెక్కలో పెట్టుకుని తయారుచేస్తారు. తక్కువ వెలుగున్న టీవీ ఆ పై వెలుగులన్నిటినీ తన చిన్న సంచిలో సర్దుకోవాలి. సర్దేటప్పుడు మొత్తం బొమ్మనే కిందికి దించుతుంది. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని ఉంటే ఆ సిగ్నల్‌ను అది అర్థం చేసుకోగలదని మాత్రమే. చూపించే సత్తా ఉందని కాదు. ముందు ఎనర్జీ సేవింగ్, పరిసరాల వెలుగును బట్టి మసకబరిచే సెన్సర్ ఆపి చూడండి. బ్యాక్‌లైట్ తగ్గించమన్న నా సలహా ఇక్కడ పనిచేయదు, హెచ్‌డీఆర్‌లో అది పైనే ఉండాలి. రోజంతా నడిచేది హెచ్‌డీఆర్ కాదు కాబట్టి దిగులు పడక్కర్లేదు. అప్పటికీ చీకటిగానే ఉంటే, ఆ సినిమాను మామూలు పద్ధతిలో చూడటమే హాయి.

ప్రశ్న: ఓఎల్‌ఈడీ టీవీ కొన్నాం. బొమ్మ చూస్తే మతిపోతోంది, కానీ బర్న్-ఇన్ టెన్షన్‌తో న్యూస్ పెట్టాలంటేనే భయం. రాత్రి పడుకునే ముందు గోడ మీద స్విచ్ ఆపేసి పడుకుంటున్నాను. ఇంకేం జాగ్రత్తలు?

జవాబు: మొదట ఆ గోడ స్విచ్ జోలికి వెళ్లకండి! ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, వాడినకొద్దీ అరుగుతుంది. ఒకేచోట ఏళ్ల తరబడి చానెల్ లోగో వెలిగితే అక్కడి చుక్కలు మిగతావాటికంటే ముందే అలసిపోతాయి. బర్న్-ఇన్ అంటే అదే. ఈ అరుగుదలను టీవీ తానే కొలిచి సరిచేసుకుంటుంది. మొత్తం నాలుగు గంటల వాడకం దాటాక, రిమోట్‌తో ఆఫ్ చేసినప్పుడు కొన్ని నిమిషాల పాటు ఆ పని చేసుకునే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంది. మీరు గోడ దగ్గరే ఆపేస్తే దానికి ఆ అవకాశమే ఉండదు. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి మాత్రం ప్లగ్గు పీకేయండి, డిష్ కేబుల్ కూడా. మెరుపు కరెంటు తీగ నుంచే రావాలని లేదు.

అరగంట న్యూస్‌కు ఏమీ కాదు. అదే చానెల్ రోజుకు ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి నడిచే ఇల్లయితే ఓఎల్‌ఈడీ మీకు తగిన టీవీ కాదని కొనకముందే చెప్పేవాణ్ణి. వారంటీ కాగితం చదవండి, బర్న్-ఇన్‌ను చాలా కంపెనీలు మినహాయిస్తాయి.

ప్రశ్న: క్రికెట్ చూస్తుంటే పచ్చిక మీద మురికి పట్టినట్టు చారలు కదులుతున్నాయి. అదే మోడల్ కొన్న మా బావగారి టీవీలో లేవు. మార్చమని అడగొచ్చా?

జవాబు: వెంటనే అడగండి. బ్యాక్‌లైట్ వెలుగు తెరంతా సమంగా పరుచుకోకపోతే ఇలా ఉంటుంది, దీన్ని డర్టీ స్క్రీన్ ఎఫెక్ట్ అంటారు. ఒకే మోడల్‌లోనూ ఒక ప్యానెల్‌కూ మరొకదానికీ తేడా ఉంటుంది. అందుకే ఇతరుల అనుభవాలు చదివి తలపట్టుకోకండి. ఒకరు అయిదు నక్షత్రాలు, ఒకరు ఒక్క నక్షత్రం ఇచ్చారంటే ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. నేనైతే కొన్న వారంలో రాసిన పొగడ్తలు వదిలేసి, రెండేళ్ల తర్వాత రాసినవి వెతుకుతాను. వేర్వేరు మనుషులు ఒకే జబ్బును, ఒకే వయసులో చెబుతుంటే ఆ మోడల్ మానుకుంటాను.

రిటర్న్ గడువు ముగిసేలోపే యూట్యూబ్‌లో బూడిదరంగు తెర వీడియో ఒకటి పెట్టి ఫొటో తీయండి. చీకటి గదిలో పూర్తి నల్ల తెర కూడా పెట్టి మూలల్లో వెలుగు కారుతోందేమో చూడండి. గడువు దాటాక ఇదే ఫొటో చూపిస్తే 'ఇది పరిమితుల్లోనే ఉంది' అనే జవాబు వస్తుంది. నాకు వచ్చింది.

ప్రశ్న: ఆరేళ్ల టీవీ. బొమ్మ ఇప్పటికీ బాగుంది, యాప్‌లే నత్తనడక. కొన్ని అసలు తెరుచుకోవట్లేదు. మార్చేయమంటారా? తెరను తడిగుడ్డతో తుడుస్తున్నాం.

జవాబు: వద్దు. గాజు ముసలిదవకముందే టీవీలోని సాఫ్ట్‌వేర్ ముసలిదవుతుంది. 2019 డిసెంబరులో కొన్ని పాత స్మార్ట్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ పనిచేయడం మానేసింది, ఆ టీవీల తెరలకు ఏ జబ్బూ లేదు. హెచ్‌డీఎంఐ పోర్టులో ఒక స్ట్రీమింగ్ స్టిక్ (యాప్‌లను తానే నడిపే చిన్న పరికరం) పెట్టుకోండి. 4కే కోసం సెకనుకు 15 మెగాబిట్ల నెట్ చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. స్టిక్ పెట్టాక ఆ పోర్టుకు హెచ్‌డీఆర్ సెట్టింగ్ విడిగా ఆన్ చేయాల్సి ఉంటుంది, మర్చిపోకండి. అలాగే టీవీని తడిగుడ్డతో తుడుస్తున్నామని ఉత్తరం చివర్లో రాశారు, అది ఈ రోజే మానేయండి. నీళ్లు కింది అంచులోకి జారితే నేను మొదటి జవాబులో చెప్పిన ఆ రిబ్బన్లు తడుస్తాయి. పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు, అదీ టీవీ ఆపి, చల్లారాక.