మోరోవిండ్‌ను ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టవచ్చా?

2002లో వచ్చిన మోరోవిండ్ అనే కంప్యూటర్ ఆటను ఈ రోజుల్లో మొదటిసారి ఆడితే విసుగు పుట్టదా అని మీరు అడిగారు. మొదటి నాలుగైదు గంటలు తప్పకుండా పుడుతుంది. దారి అడుగుతూ వెళ్ళే ఓపిక ఉన్నవారిని మాత్రం ఆ తరువాత ఈ ఆట వదలదు.

నేను దీనిని 2007 వేసవి సెలవుల్లో, అమలాపురం దగ్గర మా ఊళ్ళో, 256 ఎంబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌పై ఆడాను. కోనసీమలో కొత్తవారు దారి అడిగితే ఎవరూ కిలోమీటర్లు చెప్పరు. లాకులు దాటి కాలవ గట్టు పట్టుకొని వెళ్ళండి, రావిచెట్టు దగ్గర వంతెన ఎక్కండి అంటారు. మోరోవిండ్ అచ్చం అలాగే చెబుతుంది. తరువాతి ఆటల్లోలాగా వెళ్ళవలసిన చోటును చూపే బాణం గుర్తు ఇందులో లేదు. ఆటలోని బాల్మోరా అనే ఊళ్ళో హాస్ఫాట్ అనే పెద్దమనిషి ఒక చిక్కుపెట్టె తెమ్మని ఆర్క్‌న్‌థాండ్ శిథిలాలకు పంపుతాడు. నది దాటి, లోయ మీది పాత వంతెన మీదుగా అక్కడికి చేరితే తలుపు తెరుచుకోదు; పక్కనున్న గొట్టానికి అమర్చిన పిడిని తిప్పాలని నాకు తట్టేసరికి ఒక పూట గడిచింది. ఆ పెట్టె చిన్న గదిలో ఒక అర మీద ఉంటుంది. నేను శిథిలాలన్నీ రెండుసార్లు గాలించి, ఆ గదిని రెండుసార్లూ దాటిపోయాను.

దీనిని గొప్పదనం అనాలో లోపం అనాలో నేటికీ తేల్చుకోలేను. ఆటలోని దినచర్య పుస్తకం మాత్రం నిస్సందేహంగా లోపమే: పనులన్నీ తేదీల వరుసలో కలగలిసిపోతాయి. పనుల వారీగా చూసే సౌకర్యం ట్రిబ్యునల్ అనే విస్తరణతోనే (ఆటకు తరువాత చేర్చిన అదనపు భాగంతోనే) వచ్చింది. అందుకే నేను ఊళ్ళ పేర్లు, మలుపులు ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి.

పోరాటం మరీ చిరాకు. దెబ్బ తగలడం మీ నైపుణ్యం, చురుకుదనం, అదృష్టం, అలసటలపై లెక్క కడతారు కాబట్టి కత్తి పీత ఒంట్లోంచి వెళ్ళినట్టు కనిపించినా దెబ్బ తగలదు. చిన్నప్పటి నుంచీ కాలవ గట్టున పీతలు పట్టినవాణ్ణి, ఆట మొదలయ్యే సేడా నీన్ ఊరి ఒడ్డున పీత చేతిలో చచ్చాను. పరుగెత్తుకుంటూ వెళ్ళి కొట్టడమే నా తప్పు. పరుగు ఓపికను తినేస్తుంది. మీ పాత్ర ప్రధాన నైపుణ్యాలలో ఒక ఆయుధాన్ని ఎంచుకొని, పోరుకు ముందు నడవండి. ఆకాశం నుంచి వెంటపడే క్లిఫ్ రేసర్లనే ఎగిరే జంతువులకు మాత్రం మందు లేదు. ఊరివాళ్ళందరూ ఒకే పాఠం అప్పజెప్పే సంభాషణలు కూడా నీరసమే.

అయినా మంత్రాలు మీరే కల్పించుకోవచ్చు, గాలిలో తేలవచ్చు. టెల్వానీ అనే వంశపు మాంత్రికుల పుట్టగొడుగు బురుజుల్లో పైకి మెట్లే ఉండవు. ఎగరలేనివాడికి అక్కడ పని లేదని వారి ఉద్దేశం. తెలివి పెంచే కషాయం తాగి మరింత బలమైన కషాయం కాచి, దానిని తాగి మళ్ళీ కాస్తూ పోతే ఆట సమతూకం పూర్తిగా చెడిపోతుంది. నేను చెడగొట్టాను, సంతోషించాను కూడా.

ఇప్పుడైతే అసలు ఆట ఫైళ్ళతో ఓపెన్‌ఎండబ్ల్యూ అనే స్వేచ్ఛా ఇంజిన్‌లో (ఆటను నడిపించే ప్రోగ్రాములో) ఆడండి. దూరపు కొండలు పొగమంచులో మాయం కాకుండా కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఆటలో చెప్పిన దారే తప్పుగా ఉంటుంది, కాబట్టి అరగంట వెతికినా దొరకకపోతే సిగ్గుపడకుండా ఎవరినైనా అడగండి.