సుజాతకి, చర్మపరీక్షలు మొదలుపెట్టే ముందు

చిరంజీవి సుజాతకి ఆశీస్సులు.

కడుపులో పెరిగే ఏలికపాము నుంచి తీసిన యాంటిజెన్‌తో, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని రేపే పదార్థంతో, ఆరోగ్యవంతులకి చర్మపరీక్ష చేయబోతున్నానని, మొదటి పొడుపు నీ చేతి మీదే వేయించుకుంటానని అన్నావు. అది మాత్రం వద్దమ్మా. 1922లో జపాన్‌లో కొయినో అనే పరిశోధకుడు రెండు వేల ఏలికపాము గుడ్లు తానే మింగాడన్నావు, నిజమే. కానీ నువ్వు ఏడాదిగా కబేళా నుంచి తెచ్చిన పందుల ఏలికపాముల్ని రుబ్బుతున్నావు. ఆ పని చేసేవాళ్లకి తుమ్ములు, ఉబ్బసం పట్టుకోవడం కొత్త కాదు. ఆ గదిలో అందరికంటే ముప్పున్న చెయ్యి నీదే కావచ్చు.

నీ జూనియర్లనీ పిలవకు. నీ మాట కాదనలేక వస్తారు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు వైద్య విద్యార్థుల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడమన్నది అందుకే.

"ఆరోగ్యవంతులు" అన్న మాటని ఊరికే నమ్మేయకు. చిన్నప్పుడు మట్టిలో ఆడి పెరిగినవాళ్ల ఒంట్లో, పాములు పోయాక కూడా వాటి మీద పుట్టిన ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు. పైగా ఏలికపాములోని ట్రోపోమయోసిన్ అనే కండర ప్రొటీన్‌కి బొద్దింకలో, ఇంటి దుమ్ములోని డస్ట్ మైట్ పురుగులో, రొయ్యలో ఉండేది దగ్గరి చుట్టం. రొయ్యల కూర తింటే నోరు దురద పెడుతుందా, ఇల్లు దులిపితే ఆయాసం వస్తుందా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగు. ఉబ్బసం ఉందంటే వదిలెయ్. జలుబుకని సెట్రిజిన్ వేసుకున్నారేమో కనుక్కో, ఆ మందు దద్దురుని అణిచేస్తుంది, వారం ఆగాలి. దద్దురు లేచిందని "మీ కడుపులో పాములున్నాయి" అని మాత్రం ఎవరికీ చెప్పకు.

మన ల్యాబ్‌లో తీసిన సారం, క్రిములు లేవని చూసే స్టెరిలిటీ పరీక్ష, బాక్టీరియా విషం లేదని చూసే ఎండోటాక్సిన్ పరీక్ష దాటకుండా, ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా మనిషి చర్మాన్ని తాకకూడదు. ముంజేతి లోపలివైపు హిస్టమిన్ (దద్దురు లేవాల్సినది), సెలైన్ (లేవకూడని ఉప్పునీరు), యాంటిజెన్ చుక్కలు దూరదూరంగా వేసి పొడువు. పావుగంటకి దద్దురు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీసి, దాని మీద సెల్లోటేపు అద్ది తీసి రికార్డులో అంటించు. యాంటిజెన్ దద్దురు సెలైన్ వేసిన చోటి కంటే కనీసం 3 మిల్లీమీటర్లు పెద్దదైతేనే పాజిటివ్.

ఒకప్పుడు నేనున్నచోట ఒక కుర్రాడు "సార్, అరచేతులు దురదగా ఉన్నాయి" అన్నాడు. నిమిషంలో గొంతు బొంగురుపోయింది. అలర్జీ ఒళ్లంతా కమ్మినప్పుడు ప్రాణం నిలిపే అడ్రినలిన్ ఇంజెక్షన్ బీరువాలో ఉంది, తాళంచెవి భోజనానికి వెళ్లిన సిస్టర్ దగ్గర. ఆమె పరిగెత్తుకొచ్చేదాకా ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. బతికాడు. ఆ చేతి చెమట నాకింకా గుర్తుంది.

అడ్రినలిన్ నీ ట్రేలోనే ఉండాలి. పెద్దవాళ్లకి 1:1000 ద్రావణం అర మిల్లీలీటరు, తొడ బయటివైపు కండలోకి. అరగంట దాటకుండా ఎవరినీ పంపకు. మొదటిరోజు ఇద్దరు చాలు. సాయంత్రం వాళ్లిద్దరికీ నువ్వే ఫోన్ చేసి చెయ్యి ఎలా ఉందో కనుక్కో.

ఇట్లు,
మీ మాస్టారు