గెకో తోకను గమనించే పద్ధతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ పెంపుడు బల్లి, అదే లెపర్డ్ గెకో, తోక రంగు మారిందని, కాస్త సన్నబడినట్టు కూడా ఉందని రాశావు. ఈ రెండింటినీ విడివిడిగా చూడు. రంగు చాలాసార్లు దానంతట అదే వచ్చిపోతుంది కాబట్టి, ముందు తేల్చుకోవలసింది మందం సంగతి.

ఈ జాతి గెకో కొవ్వును ప్రధానంగా తోకలోనే నిలవ చేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో తోక, బాగా లావుగా ఉన్నచోట, సుమారు దాని మెడంత వెడల్పు ఉంటుంది. కంటి అంచనాను నమ్మకుండా వారానికొకసారి డిజిటల్ త్రాసు మీద గ్రాములలో తూచి రాసిపెట్టుకో. తిండి తింటూనే బరువు తగ్గుతూ, తోక పుల్లలా అయిపోతుంటే పేగులలో పరాన్నజీవులు ఉన్నాయేమోనని అనుమానించాలి. వాటిలో క్రిప్టోస్పోరిడియం చాలా మొండిది, ఇతర గెకోలకూ సోకుతుంది. అందువల్ల నీ గెకోను వేరే తొట్టిలో ఉంచి, తాజా మలం నమూనాతో సరీసృపాలకు చికిత్స చేసే పశువైద్యుని దగ్గరకు వెళ్లాలి. అలాగని లావు తోకంతా ఆరోగ్యమే అనుకోకు. మెడను మించి ఉబ్బిన తోకకు తోడు చంకలలో బుడిపెలు కనిపిస్తే అది అతిగా మేపిన గుర్తు కావచ్చు.

ఇక రంగు. కుబుసం విడిచే ముందు ఒళ్లంతా తెల్లగా, మసకగా మారుతుంది. విడిచాక మళ్లీ మెరుస్తుంది. పిల్లగా ఉన్నప్పటి పట్టీలు పెరిగేకొద్దీ విడిపోయి చుక్కలవుతాయి. చల్లగా ఉన్న గెకో ముదురు రంగులో కనిపించడం కూడా ఉంది కనుక, తొట్టిలో వెచ్చని మూల నేల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందో లేదో చూడు.

నేను నిజంగా భయపడే రంగు ఒక్కటే: తోక కొస మాత్రమే నల్లబడి, ఎండిపోయి, అలాగే ఉండిపోవడం. ఊడని కుబుసం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆగిపోయి ఆ భాగం చచ్చిపోతుంది. కాలి వేళ్లకూ ఇదే ప్రమాదం. కుబుసం మాత్రమే మిగిలి ఉంటే, లోతులేని గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు నాననిచ్చి, తడి దూదిపుల్లతో నెమ్మదిగా తప్పించు, ఎన్నడూ గుంజవద్దు. తడి నాచు పరచిన చిన్న గూడు ఎప్పుడూ ఉంచితే ఈ బాధ చాలావరకు రాదు. కొస ఇప్పటికే నల్లబడి ఉంటే ఇంటి వైద్యం వద్దు, వైద్యునికే చూపించు.

బెదిరి తోక వదిలేస్తే కంగారుపడకు. కట్టు కట్టకుండా, ఇసుకా మట్టీ తీసేసి కాగితపు తువ్వాలు పరిచి రోజూ మార్చు. అది ఒంటరిగా ఉండాలి, కడుపునిండా తినాలి, ఎందుకంటే తోకతో పాటు నిలవ కొవ్వూ పోయింది. మళ్లీ పెరిగే తోక నున్నగా, పొట్టిగా, ఉబ్బెత్తుగా, వేరే రంగుతో వస్తుంది. లోపల వెన్నుపూసలకు బదులు మృదులాస్థి ఉంటుంది. దాన్ని జబ్బుగా భావించవద్దు. అయితే నీ స్నేహితురాలి క్రెస్టెడ్ గెకో సంగతి వేరు: తోక ఊడితే దానికి మళ్లీ మొలవదు, రాత్రివేళ రంగు ముదరడమూ దానికి సహజమే. దానితో పోల్చి నీ గెకోను అంచనా వేయకు.

తోక కొసను పగటి వెలుతురులో ఫొటో తీసి, ఈ వారం బరువుతో కలిపి పంపు. నల్లదనం కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం ఆగవద్దు.